మూడో రికార్డింగు

ఉబెరాబా ఊళ్లో ఆత్మలను నమ్మేవాళ్ల ప్రార్థన మందిరం. సభ ముగిసి అందరూ వెళ్లిపోయారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు: కొడుకు పోయిన ఒక ముసలావిడ, ఆత్మల గొంతులని చెప్పే రికార్డింగులను పరీక్షించే ఒక మాస్టారు.

"ముందు ఈ ప్రార్థన చేసిన నీళ్లు తాగు నాయనా, మొహం వాడిపోయింది. తర్వాత చెబుదువుగాని, మా జురాందిర్ గొంతు కాదని."

"కాదనట్లేదు, దోనా జుల్మీరా. ఎవరి గొంతో చెప్పకుండా బయటివాళ్లకు విడివిడిగా వినిపించాను. ఒక్కరికీ జురాందిర్ అన్న పేరు వినపడలేదు."

"ఇక్కడ మేమందరం విన్నాంగా!"

"మీరు ముందే అబ్బాయి పేరు చెప్పి ప్రార్థన చేస్తారు, ఆ తర్వాత రికార్డింగు మెషిన్ పెడతారు. అప్పుడు ఫ్యాను తిరిగినా ఆ పేరే వినిపిస్తుంది. ఎంత మొత్తుకున్నా ఈ అలవాటు మానరు."

"నిన్న నువ్వు ఏది ఎక్కడిదో చెప్పకుండానే నాకు మూడు రికార్డింగులు ఇచ్చావుగా? మూడోదాంట్లో వాడు 'అమ్మా, కాఫీ పెట్టవే' అన్నాడు. ఎంత స్పష్టంగా అన్నాడనుకున్నావు! ఏంటయ్యా, అలా చూస్తావు? అది ఈ హాల్లోది కాదా?"

"కాదమ్మా, మా వంటింట్లోది. పోల్చి చూడ్డానికని మెషిన్ పెట్టి, తలుపేసి, బయటికొచ్చేశాను."

"మీ వంటింట్లోదా!"

"ఏమీ అనుకోకండమ్మా."

"మరి అందులో నీకేం వినిపించింది?"

"నేను వినలేదు."

"పరీక్షించేవాడివి, నువ్వే వినకపోతే ఎలాగయ్యా?"

"మా ఆవిడ పోయింది ఆ వంటింట్లోనే. వింటే నాకూ వినిపిస్తుంది."