ఝబ్రూ వీపు

హిమాలయాల్లో కుగ్తి కనుమ కింద, మంచు అంచున, గద్దీ తెగ కాపరి, ఆయన భార్య తమ మేకపోతు ఝబ్రూకి చెరోపక్క నిలబడ్డారు. వీపున నీళ్లు పోసినప్పుడు అది ఒళ్లు విదిలిస్తే కనుమ తల్లి బలికి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే హల్వా నైవేద్యం పెట్టి మందను దాటించుకోవచ్చు.

"చెంబు ఖాళీ అయిందయ్యా. ఇది కదల్లేదు."

"ఒళ్లో పెట్టుకుని పెంచావుగా, నీ మొండితనమే వచ్చింది."

"తిండిపోతుతనం ఎవరిదో మరి."

"అది సరే, దీని వీపేంటే అలా మెరుస్తోంది? నీళ్లు నిలవకుండా జారిపోతున్నాయి."

"కాస్త నెయ్యి రాశాను."

"కాస్తా? రాత్రి నా రొట్టెకి అడిగితే అయిపోయిందన్నావు."

"నిజమే చెప్పాను, అయిపోయింది. నీ చెంబులోంచి ఆవిర్లెందుకొచ్చాయో నువ్వు చెప్పు."

"కొంచెం కాచాను. పాపం, చలికి తట్టుకోలేదని."

"కాసేపట్లో కోయబోయేదానికి చలేమిటయ్యా?"

"కోయబోయేదానికి సింగారమేమిటే?"

"సరేలే. తల్లికి హల్వా చేస్తాను. కానీ నెయ్యి లేదే."

"పక్క మందవాళ్లనడుగు. దీని వీపు మీంచి మాత్రం గీకకు. ముందు తాడు విప్పు."

"విప్పాను. అబ్బా, ఇప్పుడు విదిలించింది చూడు, మొహమంతా తడిపేసింది. నువ్వు చూశావా?"

"కళ్లలో నీళ్లు పడ్డాయి. ఏమీ కనపడలేదు."

"నాకూ అంతే."