కాఫీ మడ్డి పొట్లం

మీకేం బాబాయ్‌గారూ, నవ్వుతారు. కుంపటి ముందు కూర్చుని బంగారం కరిగించడం మీ వృత్తి. మా ఆయనకెందుకు చెప్పండి ఈ తద్దినం? కంప్యూటర్లు బాగుచేసుకునే మనిషి. షాపు మూతపడ్డాక ఇంట్లో కూర్చుని, పాత బోర్డుల్లోంచి బంగారం తీస్తానన్నాడు. ఫోన్లో ఎవరో వీడియో పెట్టారట. అంతే, ఏడు నెలలు.

ఇల్లంటారా? అడక్కండి. మంచం కింద చచ్చిన ఫోన్లు, బీరువా మీద విరిగిన కీబోర్డులు. బాల్కనీ నిండా యాసిడ్ సీసాలూ గాజు జాడీలూ. ఎర్రటి పొగ లేచేది. తీగ మీద ఆరేసిన దుప్పటి జల్లెడైపోయింది. పోనీలే, ఊరికే కూర్చుని పిచ్చెక్కేకన్నా నయం కదా అని ఊరుకున్నాను.

మొన్న జాడీ అడుగున కాస్త గోధుమరంగు మడ్డి కనబడింది. మీరైతే ఇట్టే పోల్చుకునేవారు. బంగారం ముందు అలాగే ఉంటుందట కదా, మెరుపూ లేదు పాడూ లేదు. నాకేం తెలుసు? అంట్లతో పాటు దాన్నీ కడిగేశాను. ఏడు నెలల కష్టం తూములోంచి చక్కా పోయింది.

ఏం చేశానా? మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినబడింది. ఫిల్టర్లో ఉన్న కాఫీ మడ్డి తీసి జాడీలో వేశాను. ఆయన వచ్చి, జాడీ వెలుతురుకి ఎత్తి, "చూడవే, మన బంగారం" అన్నాడు.

ఇప్పుడు దాన్ని ఆరబెట్టి పొట్లం కట్టాడు. రేపు పొద్దున్నే మీ దగ్గరికి తెస్తాడు, కరిగించి పూస చేసిపెట్టమని. కాఫీ వాసనొచ్చినా మీరు నవ్వకూడదు.

ఇదిగో, నా చెవి కమ్మ. పొట్లానికి బదులు దీన్ని మూసలో వెయ్యండి. ఎదురుగానే కూర్చుంటాడు, నిప్పురవ్వలు పడతాయి జరగమని ఏదో ఒకటి చెప్పండి. తప్పే, కాదన్నానా?

అయితే మొత్తం వెయ్యొద్దు. అది అడగడానికే ముందొచ్చాను. పూస పెద్దదైందా, రేపటికల్లా ఊళ్లో పాడైన కంప్యూటర్లన్నీ మా ఇంట్లోనే ఉంటాయి. మరీ ఆవగింజంత అయిందా, మనిషి కుంగిపోతాడు. షాపు పోయినప్పుడు పదిరోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు, మళ్లీ ఆ రోజులు నేను చూడలేను. "వచ్చింది, కానీ ఈ శ్రమకి గిట్టదు" అని ఆయనంతట ఆయనే అనుకోవాలి. అంత చేయండి చాలు. ఎంతంటే అంత తూచే చెయ్యి కదా మీది.

ఏమిటలా చూస్తున్నారు? తెలియక చేసినదానికి చెవి కమ్మ ఇచ్చుకోవడం ఏమిటనేగా?

తెలిసే పారబోశాను బాబాయ్‌గారూ. ఆ మడ్డి ఏమిటో ముందురోజే ఆయన నన్ను కూర్చోబెట్టి అరగంట చెప్పాడు. పారబోసిన రోజు పొద్దున మా ఆరేళ్ల పిల్ల ఆ పొగకి దగ్గి దగ్గి, పెదాలు నీలమెక్కిపోయాయి. ఎత్తుకుని పరిగెత్తాం. ఇంట్లో ఏం కాలుస్తున్నారని డాక్టరు గద్దిస్తే, బయటికొచ్చాక ఈయన నా చెవిలో "ఇంకొక్క విడత ఓర్చుకో" అన్నాడు. ఇంటికొచ్చి, ఆయన మందులకోసం వెళ్లగానే పిల్లని పడుకోబెట్టి, తిన్నగా వెళ్లి జాడీ తూములో వంచాను. మళ్లీ ఆ పరిస్థితే వస్తే మళ్లీ వంచుతాను.

కానీ ఆయన ఆ కాఫీ మడ్డిని చూసి నవ్వాడండీ. ఏడు నెలల్లో మొదటిసారి. అలా నవ్వుతాడని నేననుకోలేదు.

సరే, కత్తెర తీయండి. సగమే.