కొవ్వు మాత్రని నేనే ఆపించాను

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీకు తెలుసుగా," అంటూ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు రిటైరైన మెడికల్ రిప్రజెంటేటివ్. "కానీ కొలెస్ట్రాల్ తగ్గించే ఆ మాత్ర, ప్రాణాలకే ముప్పని వెనక్కి తీసేసుకున్నారే, దాన్ని ఆపించిందెవరనుకున్నారు?"

"మీరేనా?" అన్నాడు టీకొట్టాయన.

"మరి! మా కంపెనీ మందే అది. ఓ ఎలక్ట్రీషియన్ నిచ్చెన మూడో మెట్టు ఎక్కలేక నా దగ్గర కూలబడ్డాడు. పిక్క నొక్కి చూస్తే పిండిముద్ద! ఒంటేలు ఏ రంగురా అన్నాను, డికాషన్ రంగండీ అన్నాడు. కండ కరిగి కిడ్నీల మీద పడుతోందని అక్కడికక్కడే తేల్చేశాను. పెద్ద పెద్ద డాక్టర్లకే తట్టలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" టైలరు ముందుకి జరిగాడు.

"మా ఛైర్మన్‌కి ఉత్తరం రాశాను, ఆపుతావా చస్తావా అని. మర్నాడే హెలికాప్టర్లో మా డాబా మీద దిగాడు, ఆరేసిన బట్టలన్నీ పక్కవీధిలో తేలాయి! నా కాళ్ళు పట్టుకుని, అప్పటికే ఏడు ఓడలు బయల్దేరాయి గురువుగారూ అన్నాడు. ఫోనందుకుని ఒక్క అరుపు అరిచానా, నడిసముద్రంలో ఏడు ఓడలూ గిర్రున తిరిగాయి. ఆ కుదుపుకి కొన్ని పెట్టెలు నీళ్ళలో పడ్డాయి. మాత్రలు మింగి తిమింగలాలు సన్నబడిపోయి, ఈదలేక, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని ఒడ్డుకొచ్చాయి!"

"తిమింగలాలకి భుజాలా?"

"అడ్డురాకయ్యా! వాటికీ నేనే..."

"అన్నయ్యా." చివరి బెంచీ మీది మందుల షాపాయన పేపరు మడిచాడు. "ఆ మాత్ర ఆపేశారని కబురొచ్చిన రోజు మీ ఇంటికి పరిగెత్తుకొచ్చింది నేను. 'మా కంపెనీ మందుకే వంకలు పెడతావా' అని నా మొహం మీదే తలుపేశారు. వదినే పెరటి గుమ్మంలోంచి వచ్చి, తను వేసుకుంటున్న ఆ మాత్రల డబ్బా నా చేతిలో పెట్టింది. అప్పటికి రెండు వారాలుగా ఆవిడ గోడ పట్టుకుని నడుస్తోంది."

రిప్రజెంటేటివ్ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నాకంటే జోరుగా నడుస్తుందిలే," అన్నాడు చిన్నగా.

"నడుస్తుంది అన్నయ్యా. ఆ రోజు మీ మాట వినలేదుగా."