సుహైలా తడిగోడ సాక్షిగా: శ్రీ జహ్రాన్ అల్-రియామీ గారి అనుమాన యజ్ఞం

1991వ సంవత్సరం సెప్టెంబరు ఒకటవ తేదీ ఉదయం, నిజ్వాలోని మా కీటక సంగ్రహాలయంలో సహాయకునిగా చేరవచ్చిన శ్రీ జహ్రాన్ బిన్ ముహన్నా అల్-రియామీ గారు, నియామక పత్రం అందించిన గుమాస్తాను కుశలమడిగి, ఆయన ఇంటిల్లిపాదినీ కుశలమడిగి, కొండమీది వాన సంగతులడిగి, ఆ పిమ్మట అత్యంత వినయంగా, "ఈ పేరుగలవాణ్ణి నేనేనని మీకెలా తెలుసు?" అని కూడా అడిగారట. ఆ ప్రశ్నతో వారి ఉద్యోగపర్వం, గుమాస్తా గారి తలనొప్పి పర్వం ఏకకాలంలో ఆరంభమయ్యాయి. అనుమానమే అనుష్ఠానంగా జీవించిన ఆ పెద్దమనిషికి నేడు సన్మానం జరుగుతోంది. అనుమానానికీ సన్మానానికీ ప్రాస ఏనాడో కుదిరింది. ముహూర్తమే ఇప్పటికి కుదిరింది.

1998లో పరిశోధకులుగా పదోన్నతి పొందిన నాటి నుంచి వారి దృష్టి సూక్ష్మ క్యాడిస్ ఈగలపై నిలిచింది. ఇవి పిల్లదశలో నీటిలో బతికి, రెక్కలొచ్చాక దీపాల చుట్టూ తిరిగే ప్రాణులు. వీటి పక్కన నువ్వుగింజ పుచ్చకాయలా కనిపిస్తుంది. జాతి తేల్చాలంటే మగపురుగు తోక కొసను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాలి. ముఖం చూసి మోసపోయే లోకంలో తోక చూసి నిజం చెప్పే విద్య వారికి అబ్బింది. నీటిచుక్క కోసం ఆకాశం వైపు చూసే మా ఎండునేలలో, ఊటల వెంట, ఫలజ్ భూగర్భ కాలువల వెంట తిరిగి వారెన్నో కొత్త జాతులను వర్ణించారు. ఇన్నింటికి నామకరణం చేసినా ఎవరికీ నామం పెట్టలేదు.

2011లో విభాగాధిపతి అయ్యాక వారి అనుమానానికి అధికారం కూడా తోడైంది. సీసా బయట అంటించిన చీటీ ఊడిపోతుందని అనుమానం. లోపల వేసిన చీటీ ఎవరో మార్చారని అనుమానం. ఏ పురుగును ఎక్కడ పట్టామన్నా వారి నోట వచ్చేది ఒకే మాట: "ఎవరు చూశారు?" పెళ్ళినాడు తన చేతి గోరింటను సైతం దీపం దగ్గరికి తీసుకెళ్ళి పరీక్షించారని వారి అర్ధాంగి ఉమ్ హిలాల్ గారు మా ఆడవాళ్ళ దగ్గర వాపోయారని వినికిడి. ఎవరు విన్నారని ఆయన అడుగుతారు కనుక ఆ విషయం ఇక్కడితో ఆపుతున్నాము.

వారి వ్యక్తిత్వాన్ని సంపూర్ణంగా ఆవిష్కరించే ఘట్టం మూడేళ్ళ కిందటిది. ఇసుక తిన్నెల అంచున సుహైలా అనే పల్లె ఉంది. దాని ఫలజ్ ఎండిపోయి ఒక తరం గడిచింది; తాగునీరు కొండ దిగువ నుంచి ట్యాంకరు లారీలో వస్తుంది. అక్కడ మా యువ పరిశోధకురాలు రయ్యా బింత్ సైఫ్, మునిమాపువేళ తెల్లదుప్పటి కట్టి దీపం వెలిగిస్తే, దానిపై కొన్ని సూక్ష్మ క్యాడిస్‌లు వాలాయి. వాటి తోకలు మేమెరిగిన ఏ జాతితోనూ కలవలేదు. రయ్యా బొమ్మలు గీసింది, వర్ణన రాసింది. ఆమె పేరు ముందు, వారి పేరు వెనుక. వారి సంతకం ఒక్కటే మిగిలింది. వారు కలం మూత తీయలేదు.

నీళ్ళులేని ఊళ్ళో నీటి పురుగేమిటని మొదటి అనుమానం. అంతకుముందు కొండమీది ఊట దగ్గర కట్టిన దుప్పటి మడతల్లోనే ఇవి ప్రయాణించాయని రెండవది. లారీ నీళ్ళలో వచ్చాయని మూడవది. నాలుగవది చెప్పకముందే రయ్యాకు ఓపిక నశించింది.

"అబూ హిలాల్, దుప్పటిని అనుమానించారు, లారీని అనుమానించారు. ఇక మిగిలింది నేనే. నన్నూ సీసాలో వేసి చీటీ రాసేయండి" అంది రయ్యా, హిలాల్ తండ్రి అన్న మర్యాద పిలుపుతోనే.

"నీ పేరు మీద వచ్చే మొదటి జాతి ఇది, అమ్మాయీ. రేపు తప్పని తేలితే ఆ మచ్చ నీకే అంటుకుంటుంది. నాదేముంది, ఇంటికెళ్ళేవాణ్ణి" అన్నారు వారు.

అంగడి మడత విప్పని కొత్త దుప్పటితో ఇద్దరూ మళ్ళీ సుహైలా వెళ్ళారు. పురుగులు మళ్ళీ వాలాయి. దుప్పటి నిర్దోషి. ఆ వారం లారీ రానేలేదు గనక లారీ కూడా నిర్దోషే. ఇక అనుమానం ఫలజ్ పెద్ద అయిన మర్హూన్ గారి మీదికి మళ్ళింది. వీళ్ళు ఎటు నడిస్తే అటు ఆయన నీడలా నడుస్తున్నారు. మసీదు వెనుక, రాతిపలక మూసిన పాత ఫలజ్ బావి వైపు మాత్రం అడుగు వేయనివ్వడం లేదు. ముందు రోజు అందులో జిన్ను ఉందన్నారు. మర్నాటికి అది పామైంది.

ఆ శుక్రవారం ఉదయం మర్హూన్ గారి మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, ఖర్జూరాలు తిన్నాక కాఫీ వచ్చింది. జహ్రాన్ గారు కప్పు అందుకుని, పెదవి తాకించకుండా చాప మీద పెట్టారు. అతిథి కాఫీ ముట్టకుండా కప్పు దించాడంటే ఏదో కోరబోతున్నాడని, తీరిస్తేనే తాగుతాడని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు.

"తాగు, అబూ హిలాల్. చల్లారిపోతుంది."

"బావి మూత తీస్తానంటే తాగుతా."

"పాముందని చెప్పా కదయ్యా."

"నిన్న జిన్ను ఉందన్నావు. ఆ ఇద్దరికీ పడుతోందా మరి?"

మర్హూన్ గారు నవ్వలేదు. "నువ్వు నీళ్ళు కొలిచే ఆఫీసువాడివి కావని నాకేం నమ్మకం?" అన్నారు. ఆ మాటకు జహ్రాన్ గారి ముఖం వికసించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తమను కూడా సరిగ్గా అనుమానించినవాడు తొలిసారి దొరికాడు. సంతోషంగా పురుగుల సీసా తీసి చేతికిచ్చారు. మర్హూన్ గారు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసి, లేచి నడిచారు. పలక జరిగింది.

లోపల ప్రవాహం లేదు. ఒక గోడ పొడవునా పలుచని చెమ్మ జారి, అడుగున రాతితొట్టిలోకి చుక్కచుక్కగా చేరుతోంది. ఆ నీటినే మర్హూన్ గారు గుట్టుగా తోడి, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి మసీదులో పెడుతున్నారు. ఆ ఫలజ్ నీళ్ళలో ఊళ్ళో ప్రతి కుటుంబానికీ తాతలనాటి వాటా ఉంది. ఈ చెమ్మ ఒక్క వాటాకైనా సరిపోదు. సంగతి బయటపడితే అన్నదమ్ముల బిడ్డలు కొట్టుకుంటారనే భయంతో, ఆయన పామునూ జిన్నునూ వంతులవారీగా కాపలా పెట్టారు.

గోడకు అంటుకుని గవ్వరేకుల్లాంటి బుల్లి సంచులు కనిపించాయి. ఒకదానిలో రెక్కలు రాబోయే మగపురుగు సిద్ధంగా ఉంది. దాని తోక రయ్యా గీసిన బొమ్మతో కలిసింది. జహ్రాన్ గారు ఇంకొక సంచి విప్పారు. అదీ కలిసింది. రయ్యా బొమ్మను మాత్రం ఆయన ముందు నుంచి తీయలేదు.

మళ్ళీ మజ్లిస్‌లో కూర్చున్నాక, ఈసారి మర్హూన్ గారే తన కప్పును ముట్టకుండా కింద పెట్టారు.

"బావి సంగతి రాయకు, అబూ హిలాల్."

చోటు రాయని సీసాలను జీవితమంతా చెత్తబుట్టలో వేసిన మనిషి చేతిలోని సీసాను ఒకసారి తిప్పి చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "చోటు దాచిపెడితే, ఎవరు చూశారని రేపు ఈ పిల్లను నిలదీస్తారు. నాలాంటివాళ్ళే నిలదీస్తారు. నువ్వు వాటాదార్లను పిలు. కప్పు అలాగే ఉండనీ. వాళ్ళు కొట్టుకునేలా ఉంటే నేను ఈ జాతి వర్ణన రాసిన కాగితం నీ ముందే చింపేస్తా."

రయ్యా ముఖం పాలిపోయింది. అయినా కాగితం తెచ్చి ఆయన చేతికిచ్చింది.

మధ్యాహ్నం నమాజు కాగానే వాటాదార్లు మసీదు వరండాలో చేరి, మర్హూన్ గారి నోట బావి గుట్టు విన్నారు. ఒకరి వాటాను ఒకరు కళ్ళతోనే కొలుచుకుంటున్నారు. జహ్రాన్ గారు సూక్ష్మదర్శిని దగ్గరికి వారిని ఒక్కొక్కరినే పిలిచారు. అందరిలో పెద్దాయన కన్ను ఆనించి, ఇది మన నీళ్ళన్నీ తాగేస్తుందా అని అనుమానంగా అడిగితే, దీని దాహానికి మీ గడ్డం తడి చాలు మామా అని జవాబిచ్చారు. పెద్దాయన గడ్డం నిమురుకుంటూ తక్కినవాళ్ళ వైపు తిరిగారు.

"ఈ చెమ్మని పంచుకోడానికి మనకి సిగ్గుండాలి. నా వాటా మసీదుకి వదిలేశా. మసీదు నీళ్ళలో ఈ పురుగుకీ వాటా ఉంది. ఎవరైనా కాదంటారా?"

ఎవరూ కాదనలేదు. ఒకరి తర్వాత ఒకరు తమ వాటా వదులుకున్నారు. మర్హూన్ గారు చల్లారిన కాఫీని అమృతంలా తాగారు. జహ్రాన్ గారు కలం మూత తీశారు. సుహైలా పేరుతోనే ఆ జాతి అచ్చయింది. చోటు దగ్గర 'మసీదు వెనుక బావి, తడిగోడ' అని స్పష్టంగా ఉంది. మా సంగ్రహాలయంలో ఆ సీసాకు మాత్రం లోపలొకటి, బయటొకటి, మూతమీద ఇంకొకటి, మూడు చీటీలున్నాయి.

నేడు రయ్యా గారికి బాధ్యతలప్పగించి, వారు స్వగ్రామంలోని దానిమ్మతోటకు విశ్రాంతికై మరలుతున్నారు. తోటలో ఏ పండును ఏ చెట్టు కాసిందన్న విచారణ ఇప్పటికే మొదలైందని మా అనుమానం. ఈ సన్మాన సంచిక చేతికందగానే పెన్సిలు తీసుకుని ప్రతి ప్రశంస పక్కనా "ఎవరు చూశారు?" అని రాస్తారనీ మాకు తెలుసు. మేము చూశామండీ. తమరు అనుమానించిన ప్రతిచోటా చివరకు నిలబడినది ఎదుటివాడి పరువేనని కళ్ళారా చూశాము. ఉమ్ హిలాల్ గారితో, బిడ్డలతో, మనుమలతో, చల్లని ఆరోగ్యంతో, చల్లారని కాఫీతో తమరు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. నూరేళ్ళా, ఎవరు చూశారని అడుగుతారేమో. తమరే చూస్తారు, సాక్షి సంతకాలకు విభాగమంతా సిద్ధంగా ఉంది.