వచ్చే ఈద్ కట్టెలు

బహ్లాలోని ఖర్జూరపు తోటలో బావ కట్టెలు కొట్టడం నేర్పుతున్నాడు. కొత్తగా ఒమన్ వచ్చిన బామ్మర్ది గొడ్డలి ఎత్తాడు.

“నడిమిట్ల కాదు, పగులున్న కాడ ఎయ్యి.”

“చీలింది బావా!”

“ఇగ కింద రాళ్లు పెట్టి పేర్చు. నేలకు తగిలితే చెదలు పడ్తయ్. పచ్చివి ఎనక పెట్టు. ఎండినంక వచ్చే ఈద్‌కు మాంసం గుంతల కాలుద్దాం.”

“అప్పటికి నేనొక్కన్నే ఉంట బావా.”

“నేనేడికి పోత?”

“నీ జాగల నన్ను పెట్టుకున్నడు తోట ఓనరు, మన అర్బాబ్. నీకు మళ్ల వీసా కొట్టియ్యడట.”

“నిన్ను రప్పించిందే నేను గదరా! మీ అక్కకు తెలిస్తే ఊకుంటదా?”

“అక్కనే నీ పని నాకియ్యుమని అర్బాబ్‌ను అడుగుమన్నది.”

“మరి నాకు చెప్పకపోతివేందిరా?”

“పని మొత్తం నేర్చుకున్నంకనే బావకు చెప్పుమన్నది.”