ఉత్తరపు గోడ

నార్వే పడమటి కొండల్లో, జూన్ నెలలో, సంక్తాన్స్ అనే నడివేసవి మంటల పండగ నాటి పొద్దున. శిఖరం మీద, ఇంకా కరగని మంచు పక్కన, సిగ్నె, యోరున్ అనే ఇద్దరు పాత స్నేహితురాళ్ళు స్కీలు విప్పి కూర్చున్నారు. రాత్రి బిగుసుకుపోయిన మంచు ఎండకు కాస్త మెత్తబడేదాకా కిందికి జారడం కుదరదు, మాట్లాడుకోవడం తప్ప వేరే పనీ లేదు.

"కప్పులెందుకే ఇప్పుడు? ఫ్లాస్కు మూతలో తాగేద్దాం."

"మూతలో తాగడానికా ఈ మోకాలేసుకుని ఇంత దూరం ఎక్కాను? జరుగు యోరున్, ఆ రాళ్ళకింద మన కప్పుల డబ్బా తియ్యాలి."

"తీద్దాంలే. ముందు రొట్టె తిను సిగ్నె. మేక జున్ను పెట్టి తెచ్చాను."

"తర్వాత తింటాను."

"పోనీ మంచు చూసొద్దాం రా. కర్ర గుచ్చి చూద్దాం."

"ఇప్పుడేగా గుచ్చావు? కర్ర మొన కూడా దిగలేదు. ఇంకో గంటదాకా అది రాయే. ఇప్పుడు దిగితే ఇద్దరం కింద చెరువులో తేలతాం. రాత్రి పండగ మంట దగ్గర మనగురించే చెప్పుకుంటారు, ముసలిముండలకి స్కీలు కావాల్సొచ్చాయా అని."

"అయితే కాసేపు పడుకుందాం. ఎండ బావుంది."

"నీకేమైందే ఇవాళ? తినమంటావు, పడుకోమంటావు. కారెక్కిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఒక్క మాట తిన్నగా మాట్లాడవు. నిజానికి నేను కదా నోరు మూసుకుని కూర్చోవాల్సింది. రెండేళ్ళ తర్వాత కొండెక్కాను, అదీ హెర్డిస్ లేకుండా."

"ఏడుస్తావేమోనని."

"ఏడవనులే. కిందే ఏడ్చేశాను, నువ్వు కారు మీంచి స్కీలు దించుతుంటే."

"చూశాను."

"చూసి ఊరుకున్నావా?"

"ఏం చెయ్యమంటావు? నువ్వు ఏడిస్తే ఓదార్చడం హెర్డిస్ పని. నాదెప్పుడూ సామాన్లు దించే పనేగా."

"మొదలెట్టావూ?"

"సరదాకన్నాను."

"సరదాకేం కాదు. బళ్ళో చదివేటప్పట్నుంచీ ఇదే పాట. మేమిద్దరం ముందు, నువ్వు వెనక. నిన్నెవరు వెనక రమ్మన్నారు? నీకు బూట్లు బిగించుకోడానికే పూట పడుతుంది."

"బూట్లదేముంది. దిగేటప్పుడు మంచు మీద మీ స్కీల గీతలు చూసేదాన్ని. అది ఎడమకి తిరిగితే నువ్వు కుడికి, నువ్వు ఎడమకొస్తే అది కుడికి. జడల్లినట్టు కిందిదాకా ఒకటే వరస. ఆ పక్కన మిగిలిన చోట్లో నాదో ఒంటి గీత."

"ఆ ఒంటి గీతే శుభ్రంగా ఉంటుందనేది హెర్డిస్."

"నాతో ఎప్పుడూ అనలేదు."

"సరే, ఇవాళ నాతో అల్లు. ఇక మిగిలింది మనిద్దరమేగా. అన్నట్టు దాని స్కీలు వేసుకురమ్మన్నాను, తేలేదేం?"

"నాకవి పొడుగు."

"పొడుగైనవి నీకెందుకు ఇచ్చిందో మరి. పోనీలే, దాని స్కీలు, దానిష్టం. డబ్బా ఇటివ్వు, కాఫీ చల్లారిపోతోంది."

"సిగ్నె, వద్దే."

"ఏమిటి వద్దు?"

"మూడు కప్పులూ చూస్తే నీకు బాధేస్తుంది. అందుకంటున్నాను."

"బాధపడ్డానికే వచ్చాను. దాని కప్పులో కాఫీ పోసి మంచు మీద వంపుదామని వచ్చాను. ఇదిగో, దొరికింది. మూత తుప్పు పట్టి కరుచుకుపోయింది, నీ కత్తి ఇలా ఇవ్వు."

"తెచ్చుకోలేదు."

"నీ నడుముకే వేలాడుతోంది కదే."

"ఓ. ఇదిగో."

"ఆఁ, వచ్చింది. అంచు విరిగినది నీది. కుందేలు బొమ్మ ఉన్నది హెర్డిస్‌ది. ఇది నాది. ఇదేమిటి?"

"ఏది?"

"నా కప్పులో ఏదో ఉంది. వెండికాగితం చుట్టి, దారంతో కట్టి ఉంది."

"ఎలకలు తెచ్చి పెట్టుంటాయి."

"ఎలకలు ముడి వేస్తాయా? ఇదిగో చూడు, చాక్లెట్ పుల్ల. మనం తలా ఒకటి విరుచుకుంటామే, అదే."

"కిందటిసారిది అయ్యుంటుంది. నువ్వే మర్చిపోయావేమో."

"కిందటిసారి కప్పులు తుడిచి, బోర్లించి, మూత పెట్టింది నేను. అప్పుడు నా కప్పులో ఏమీ లేదు."

"మరైతే ఎవరో దారినపోయేవాళ్ళు. వేసవిలో జర్మనీ నుంచి వస్తారుగా, రంగురంగుల బట్టలేసుకుని."

"జర్మనీవాళ్ళు రాళ్ళకింద మన డబ్బా వెతికి, మూడు కప్పుల్లో నా కప్పే ఏరి, నాకు చాక్లెట్ పెట్టి వెళ్ళారు. బావుంది. ఈ దారం చూడు."

"ఉన్ని దారం. అందులో ఏముంది?"

"ఈ నీలం నీకు తెలీదూ?"

"నీలం నీలమే."

"కిందటేడు మొదట్లో, ఆ చలికాలం, జుట్టంతా ఊడిపోయాక హెర్డిస్ టోపీ అల్లుకుంది కదా, దానికి ఉన్ని తెచ్చిచ్చింది నేను. మా పిన్ని ఇంట్లో వడికి, ఇంట్లోనే రంగు ముంచిన ఉన్ని. ఇలాంటిది ఈ తాలూకాలో ఇంకోచోట దొరకదు. ఆ టోపీతోనే దాన్ని మట్టిలో పెట్టాం. ఆ దారం ఈ కొండ మీదికి ఎలా వచ్చింది యోరున్?"

"మంచు చూసొస్తానుండు. మెత్తబడిందేమో."

"మంచెక్కడికీ పోదు. కూర్చో."

"కిందటేడు వచ్చింది."

"హెర్డిస్ వచ్చిందా? జబ్బు మనిషి, ఎవరితో వచ్చింది?"

"ఎవరితో వస్తుంది?"

"నేను నిన్నడుగుతున్నాను. ఎవరితో?"

"నాతో."

"కిందటేడు ఎవరమూ వెళ్ళడం లేదన్నావు."

"అన్నాను."

"మా గుమ్మంలో నుంచుని అన్నావు. నేను విరిగిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాను. 'స్కీలు అటకెక్కించేశాం సిగ్నె, వెళ్తే ముగ్గురం వెళ్తాం, లేకపోతే ఎవరమూ వద్దు' అన్నావు. నువ్వెళ్ళాక ఎంతసేపు ఏడ్చానో నీకు తెలీదు. చావుకి దగ్గరపడ్డ మనిషి కూడా నాకోసం ఆగిందని ఏడ్చాను. అది పోయాక కూడా ఆ మాటే పట్టుకుని ఈ మోకాలు వంచాను. పళ్ళు కొరుక్కుంటూ మెట్లెక్కడం నేర్చుకున్నాను."

"తెలుసు. పక్కనే ఉన్నానుగా."

"అదే. పక్కనే ఉన్నావు. నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించావు. అప్పుడైనా నోరు విప్పలేదు. ఇద్దరూ కలిసి వచ్చి, కలిసి దిగి, నన్ను మాత్రం పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టారు. నవ్వుకున్నారా నన్ను తలుచుకుని?"

"ఛ. అలా అనకు."

"మరెలా అనాలో నువ్వే చెప్పు."

"హెర్డిసే చెప్పొద్దంది."

"ఏమిటి?"

"నీకు చెప్పొద్దంది. 'చెబితే ఆ కాలేసుకుని వచ్చేస్తుంది, ఎవరు ఆపినా ఆగదు, మళ్ళీ పడుతుంది, నేను పోయాక దాన్ని చూసేదెవరు' అంది. నాచేత ఒట్టేయించుకుంది."

"హెర్డిసా అంది?"

"అలాంటి మాటలు ఇంకెవరంటారు?"

"నిజమే. దాని మాటలే. వచ్చేదాన్నే మరి. పైకి కాకపోయినా రోడ్డు చివరిదాకా వచ్చేదాన్ని. కార్లో కూర్చుని, మీరు దిగుతుంటే అక్కణ్ణుంచే చూసేదాన్ని. అదైనా మిగిలేది నాకు."

"అందుకే ఒట్టు."

"ఎలా ఎక్కింది?"

"మెల్లగా. నాలుగడుగులు వేసి నుంచునేది. దాని స్కీలు నేనే మోశాను. పైకొచ్చాక నువ్వు కూర్చున్నచోటే కూర్చుంది. ఏమీ తినలేదు. కప్పు రెండు చేతుల్తో పట్టుకుని కాఫీ వాసన మాత్రం చూసింది."

"ఇది ఎప్పుడు పెట్టింది?"

"నేను చూళ్ళేదు. మంచు చూడ్డానికని అటు వెళ్ళాను, అప్పుడు పెట్టుంటుంది."

"నా వాటా."

"ఊఁ."

"దొంగమొహంది. పోతూపోతూ కూడా పంపకాలు మర్చిపోలేదు. స్కీలు నీకిచ్చింది, నాకు చిన్న ముక్క కూడా మిగల్చలేదని లోపల్లోపల ఏడ్చుకున్నాను ఇన్నాళ్ళూ. ఇదిగో, మిగిల్చింది. సగం నువ్వు తిను."

"నాకొద్దు."

"తినవే. తెల్లగా పాలిపోయింది గానీ చాక్లెట్టేగా. ఇందాక నోరు జారాను, ఏమనుకోకు. అది ఒట్టేయించుకుంటే నువ్వు మాత్రం ఏం చేస్తావు."

"వద్దన్నానా సిగ్నె."

"సరే, కరవకు. నీకో సంగతి చెప్పాలి. అది నామీద కోపంతో పోయిందేమోనని ఏడాదిగా నాకు దిగులు. ఎవరికీ చెప్పుకోలేదు. కిందటేడు సంక్తాన్స్ తర్వాత నేను ఫోన్ చేస్తే ఎత్తడం మానేసింది. మందుల మత్తులే అనుకున్నాను. ఆగస్టులో బెర్గెన్ ఆస్పత్రికి వెళ్ళాం కదా మనం?"

"వెళ్ళాం."

"నువ్వు కాఫీ తెస్తానని బయటికెళ్ళావు. అది నా మొహంలోకి చూసి ఒకే ఒక్క మాట అడిగింది. 'ఇంటికి రంగెయ్యడం అయిపోయిందా సిగ్నె?' అని. తర్వాత కిటికీ వైపు తిరిగి పడుకుంది. నేను దాని చెయ్యి పట్టుకుని కూర్చునే ఉన్నాను, మళ్ళీ మాట్లాడలేదు. నొప్పేమో అనుకున్నాను. కానీ నొప్పికి తిరిగినట్టు లేదు అది."

"మందులిస్తున్నారుగా."

"ఇప్పుడు తెలిసింది. కోపం కాదు. నా దగ్గర దాచింది కదా, అందుకని నా మొహం చూడలేకపోయింది, పిచ్చిది."

"మంచు మెత్తబడింది. దిగుదాం పద."

"కర్ర గుచ్చకుండానే?"

"మెత్తబడింది. లే."

"ఉండు. మా ఇంటి రంగు సంగతి దానికెలా తెలుసు?"

"ఏ రంగు?"

"మా ఇంటిదే. కాలు విరిగి ఊరికే కూర్చోలేక జూన్లో మొదలెట్టాను, కుర్చీలో కూర్చుని అందినంత మేర. హెర్డిస్ అప్పటికి పడవెక్కి మా ఒడ్డుకి రావడం మానేసింది. ఫోన్లో దాని జబ్బు గురించి తప్ప ఇంకేం మాట్లాడాం? మా రేవు వైపు వచ్చేది నువ్వొక్కదానివే."

"నేనే అన్నానేమో, మాటల్లో."

"మాటల్లో ఏమన్నావు?"

"గుర్తులేదు."

"యోరున్, ఇటు చూడు. అది నీచేత ఒట్టేయించుకుంది ఎక్కడ?"

"ఎక్కడో. దాని ఇంట్లో."

"నా కప్పులో వాటా పెట్టిన మనిషి నన్ను రానివ్వొద్దని ఒట్టేయించుకుందా? నా కళ్ళలోకి చూసి చెప్పు, నమ్ముతాను."

"ఒట్టు లేదు."

"ఏమన్నావు?"

"ఒట్టూ లేదు, ఏమీ లేదు. కొండకి వెళ్దామని అదే ఫోన్ చేసింది. 'సిగ్నెని కూడా పిలువు, పైకి రాలేకపోతే కార్లో కూర్చుంటుంది, దిగేసరికి దాని మొహం కనిపిస్తే చాలు' అంది. పిలుస్తానన్నాను."

"పిలవలేదు."

"పిలుద్దామనే మీ ఇంటికొచ్చాను. రేవు నుంచి ఎదురుగాలిలో నడుచుకుంటూ వచ్చాను. గుమ్మంలో నన్ను చూడగానే నువ్వన్న మొదటి మాట, 'హెర్డిస్ ఎలా ఉంది?' రామ్మా, కూర్చో అని కూడా లేదు. నోటిదాకా వచ్చింది మింగేశాను. చిన్నప్పట్నుంచీ మీ ఇద్దరికీ నేను మూడోదాన్ని. అది పోయేలోపు ఒక్కరోజు నాకుంటే చాలనుకున్నాను. దాని గీత పక్కన నా గీత, ఒక్కసారి."

"అల్లుకున్నారా మరి?"

"లేదు. పక్కకి వెళ్ళబోతే కర్ర అడ్డం పెట్టింది. 'అటు రాకే, అది సిగ్నె చోటు' అంది. నా ఒంటి గీత నేను గీసుకుంటూ దిగాను."

"నేనెందుకు రాలేదని అడగలేదా?"

"అడిగింది. కారెక్కుతూనే అడిగింది."

"ఏం చెప్పావు?"

"నోటికొచ్చింది చెప్పాను."

"ఏమొచ్చింది నీ నోటికి?"

"పిలిచానని చెప్పాను. ఇంటికి రంగేసుకుంటోంది, రావడానికి తీరిక లేదంది అని చెప్పాను."

"దేవుడా."

"అది నమ్మలేదు సిగ్నె. నువ్వలా అనవంది. దారంతా అదే మాట. ఆస్పత్రికి నిన్ను తీసుకురమ్మని పట్టుబట్టింది కూడా అందుకే, ఫోన్లో కాదు, నీ మొహం చూసి అడిగి తేల్చుకుంటానంది. ఇక నా పని అయిపోయిందనుకుని కాఫీ వంకతో బయటికెళ్ళాను. తలుపవతలే నుంచున్నాను, నువ్వొచ్చి నా మొహాన ఉమ్మేస్తావని. నువ్వు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి పద పోదామన్నావు. అది అడగలేదులే అనుకున్నాను. రంగు అయిపోయిందా అని అడిగింది కదా, నువ్వేం చెప్పావు? సిగ్నె? దానికేం చెప్పావు?"

"'ఎక్కడే, ఇంకా ఉత్తరపు గోడ మిగిలిపోయింది, తీరికే ఉండటం లేదు' అన్నాను."