రేవుకొస్తాడు

అల్లూరులో ఒక కల్యాణ మండపం. వేదిక వెనక చిన్న గది. ఉన్న ఒక్క తలుపూ వేదిక మీదకే తెరుచుకుంటుంది.

“కామాక్షొదినా, నువ్వు ఈడికెందుకొచ్చినావు? పోయి పెద్దమ్మ పక్కన కూర్చో.”

“మా అత్తని ముందు వరసలో కూర్చోబెట్టే వచ్చినా. ఆ గిటారు పక్కన పెట్టు, పెంచలా. ఒక మాట.”

“తీగ సవరించుకోవాల. ఇంకాసేపట్లో పిలుస్తారు.”

“నేనొచ్చినకాడ్నుంచీ ఆ ఒక్క తీగనే తిప్పతా ఉండావు. తెగతాది.”

“తెగితే బాగుండు. పాడే పనుండదు.”

“ఏం మాట అది? తీరమంతా పాడతా ఉండే పాట. ఆటోల్లో అదే, పెళ్లిళ్లలో అదే, రొయ్యల షెడ్డులో ఆడోళ్లు తలకాయలు తీస్తా కూడా అదే. తప్పిపోయిన మా ఆయన, మీ గిరన్న మీద నువ్వు కట్టిన పాట.”

“డప్పుల్తో పాడడం వేరే వదినా. ఈ రోజారమణక్క పోగ్రాంలో డప్పుల్లేవు, కీబోర్డు లేదు. సొంతంగా పాటలు కట్టుకున్నోళ్లొచ్చి ఉత్త గొంతుతో పాడాల. ఒక గిటారు, అంతే. ముందు పాట ఎట్టా పుట్టిందో చెప్పాలంట. అదంతా ఫోన్లలో లైవు పోతాదంట.”

“చెప్పు. దానికి భయమెందుకు?”

“నాకేం భయం?”

“మరి ఆ తీగని వదలవే?”

“శ్రుతి కుదరలా, అంతే.”

“పెంచలకృష్ణా! నేనబ్బయా, రోజారమణిని. తలుపు తియ్యబాక, పాప పాడతా ఉంది. దీని తర్వాత నువ్వే!”

“సరేక్కా! ... వదినా, నేను వేరే పాట పాడతా. కొత్తదొకటుంది.”

“బయట బ్యానరు మీద ‘రేవుకొస్తాడు’ అని ఇంతింత అక్షరాల్తో రాసిపెట్టినారు. మోకాళ్ల నొప్పులతో అత్త బస్సెక్కి వచ్చింది దానికోసరమే.”

“అదే చెప్తా ఉండా. ఆమె ఎదురుగా కూర్చోనుంటే నేను పాడలేను.”

“మూడేళ్ల నుంచీ పాడినావే? మా వాకిట్లోనే పాడినావే?”

“డప్పుల్తో పాడినా. డప్పుల్లో మాటలు అంత వినబడవు.”

“ఏ మాట వినబడగూడదు?”

“ఏం లేదులే.”

“ఏ మాట, పెంచలా?”

“ఏం లేదంటా ఉంటే!”

“నేను చెప్తా. రెండో చరణం. ఇందాక మైకు చూసుకుంటా పాడినావు. ‘ఏ పడవో ఎక్కించుకొనింది, ఏ రేవులోనో దించుంటాది.’ మేమిద్దరం వెనక కుర్చీల్లో ఉండాం. ఒక్కో అక్షరం వినబడింది.”

“పెద్దమ్మ కూడా వినిందా?”

“నేను విన్నా. ఏ పడవ అది?”

“ఎన్నిసార్లు చెప్పాల వదినా? మా పడవ తిరగబడింది. ఇద్దరం డీజిలు క్యాను పట్టుకోనుంటిమి. దూరంగా లాంచీ ఒకటి పోతా ఉంటే గిరన్న దాని తట్టు ఈదుకుంటా పోయినాడు. అరవోళ్ల లాంచీ అనుకుంటా. ఎక్కించుకున్నారు.”

“నువ్వు చూసినావా?”

“చూసినట్టే ఉంది.”

“అది ఏ దినం?”

“ఇప్పుడదెందుకు? శుక్రవారం.”

“శ్రీహరికోటలో రాకెట్ వదిలిన దినం. రెండ్రోజుల ముందే మైకులో చెప్పినారు, ఎవరూ సముద్రంలోకి పోబాకండని. ఊళ్లో మగోళ్లంతా ఒడ్డున వలలు కుట్టుకుంటా ఉంటే, పోటీ లేదు, చేపంతా మనదేనని మీరిద్దరూ దొంగచాటుగా పోయినారు. ఒక్క పడవ కదలని సముద్రంలో నీ లాంచీ యాడినుంచొచ్చింది?”

“వదినా...”

“నీ లాంచీ అబద్ధమని ఊరందరికీ తెలుసు. ముసలామె తట్టుకోలేదని ఎవరూ నోరు తెరవలా. నేనూ తెరవలా. పేరంటానికి నన్ను పిలవాలో వద్దో తెలీక ఆడోళ్లు మా గడప ముందు తల దించుకొని పోతారు. బొట్టు పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని సిగ్గు. తీసేస్తే అత్త గుండె ఆగిపోతాదేమోనని భయం. మొగుడుండేదాన్నా, లేనిదాన్నా నేను? నువ్వన్నా చెప్పు!”

“మెల్లిగా వదినా. బయట మైకుంది.”

“ఉండనీ.”

“క్యాను ఇద్దరికీ ఆగలా. మునిగిపోతా ఉంది. తెడ్డు తగిలి నా కాలు విరిగిపోయుంది. గిరన్న నా మొహం చూసినాడు. ‘నువ్వు పట్టుకోరా’ అని చెయ్యి వదిలేసినాడు. నేను చెయ్యి చాచినా... లేదు. అబద్ధం. చాచలా. చాస్తే నేనూ పోతాననిపించింది. చూస్తా ఉండిపోయినా. రెండుసార్లు పైకొచ్చినాడు. మళ్లీ రాలా.”

“ఇంకా?”

“ఒడ్డుకొచ్చి పడేసరికి పెద్దమ్మ నిలబడుంది. ‘వాడేడిరా’ అనింది. నోటికొచ్చింది చెప్పేసినా. ఆమె ఏడవకుండా ఉండాలని దాన్నే పాట కట్టినా. అది ఇంత దూరం పోతాదని నాకేం తెలుసు! ఏ ఊరికి పోయినా అదే పాడమంటారు. నా అబద్ధాన్ని నా చేతే పాడిస్తారు, పైగా శాలువా కప్పుతారు.”

“పాడకుండా ఉండుంటే పోయేది గదా.”

“పాడకపోతే ఎందుకు మానేసినావురా అంటాది పెద్దమ్మ. రోజూ సాయంత్రం ఆమెని చూడకుండా ఉండలేను. పోతే గిరన్న కంచం నా ముందు పెడతాది. వాడికోసరం వండిన వంకాయ ఎండ్రొయ్యల కూర. ‘ఈ పూటకి వాడు రాలేదులే, నువ్వు తినిపోరా’ అంటాది. నాకు ప్రాణం ఆ కూరంటే. మూడేళ్లు తిన్నా వదినా. ఒక్క ముద్ద కూడా సుఖంగా గొంతు దిగలా.”

“అయితే ఇప్పుడన్నా చెప్పెయ్యి.”

“చెప్తే ఆమె బతకదు. నీకు దండం పెడతా, పెద్దమ్మకి మాత్రం చెప్పబాక. నన్ను ఇట్టాగే ఉండనీ.”

“పెంచలకృష్ణా! పాప దిగిపోయింది, జనం చప్పట్లు కొడతా ఉండారు. రా అబ్బయా!”

“ఒక్క నిమిషం రోజారమణక్కా! నేను, కామాక్షిని. పంపిస్తా ఉండా. ... పెంచలా, ఇటు చూడు. నన్ను ఈడికి పంపిందే అత్త.”

“ఏందీ?”

“ఇందాక నీ ఉత్త గొంతు వినీ వినగానే నా చెయ్యి పట్టుకునింది. నువ్వు ఒడ్డుకొచ్చిన దినమే ఆమెకి తెలుసంట. నాకు ఇప్పుడే చెప్పింది. ‘వాడంతట వాడే చెప్పాల, మనం అడగ్గూడదు, అడిగితే ఈ బిడ్డ కూడా సముద్రంలో దూకేస్తాడని ఇన్నాళ్లూ ఊరుకున్నా, ఇంక చాలు, నువ్వు పోయి అడుగు’ అనింది.”

“లేదు వదినా. తెలిస్తే రోజూ ఆ కంచం ఎందుకు పెడతాది? గిరన్న వస్తాడనే గదా...”

“ఒకే ఇంట్లో ఉండి నాకూ తట్టలా, నీకెట్టా తడతాది? మా ఆయన జన్మలో వంకాయ ముట్టలా, పెంచలా. ఆ కంచం ఎవరికోసరం పెట్టిందనుకున్నావు?”